నిన్న ఏం వండారని అడిగినందుకు

ఉద్యోగం ఖాయమైంది.

మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టే ముందు పెద్ద మేడమ్ పిలిచి చెప్పారు. "రేపట్నుంచి నువ్వు మా టీచర్‌వి" అన్నారు. అంతకు ముందు కూడా టీచర్నే. కాకపోతే, చూద్దాంలే అని పెట్టుకున్న టీచర్ని. బయటికి వచ్చి స్టాఫ్ రూమ్‌లో ముగ్గురికి చెప్పాను, ఆయమ్మకి చెప్పాను, గేటు దగ్గర కూర్చునే తాతకి చెప్పాను. మంచినీళ్ళ క్యాన్లు దింపడానికి వచ్చిన ఆటో అతనికి కూడా చెప్పాను. అతను "మంచిదండి, కాళీ క్యాన్లు ఎక్కడెట్టినారు?" అన్నాడు. నా సంతోషం రవ్వంత కూడా తగ్గలేదు.

అమ్మకి ఫోన్ చేశాను. వెనకాల ఎవరో రొయ్యలకి బేరం ఆడుతున్నారు.

"అమ్మా, ఉజ్జోగం ఖాయం సేసేసినారు."

"ఖాయమంటే?"

"ఇంక తియ్యరు."

అమ్మ వెంటనే ఆ బేరం ఆడుతున్నావిడతో, "మా పాపకి టీచరుద్దోగం ఖాయమైపోనాది, ఇంక తియ్యరట. నువ్వు అడిగినట్టే ఇచ్చేస్తాను, పట్టుకెళ్ళు" అంది. నాతో "పనిలో ఉన్నాను, మళ్ళీ సేస్తాను" అని పెట్టేసింది. మా అమ్మ ఎదుటివాళ్ళు అడిగినట్టే ఇచ్చేయడం నేను పుట్టాక ఇదే మొదటిసారి.

ఇంకో నలుగురికి చేసేసరికి ఛార్జింగ్ అయిపోయింది. ఫోన్ ఇప్పుడు స్టాఫ్ రూమ్‌లో ప్లగ్గుకి వేలాడుతోంది. అది లేచేలోపు ఇది రాస్తున్నాను. ఊరికే కూర్చుంటే చేతులు నిలవడం లేదు.

మాది సముద్రం ఒడ్డున ఊరు. నాన్న పడవ మనిషి. ఏడాదిలో ఎక్కువ నెలలు గుజరాత్ వైపు పెద్ద బోట్లలో ఉంటాడు, అక్కడ వేట ఆపేసిన నెలల్లో ఇంటికి వస్తాడు. అమ్మ తెల్లారేసరికి ఒడ్డున చేపలు కొని తట్టలో వేసుకుని, మరో నలుగురితో కలిసి ఆటోలో శ్రీకాకుళం వచ్చి వీధుల్లో అమ్ముతుంది. మా ఇంట్లో డిగ్రీ పాసైనవాళ్ళలో నేనే మొదటిదాన్ని. విజయనగరంలో పిన్ని ఇంట్లో ఉండి బీఈడీ కూడా చేశాను. నాన్న నా పట్టాని లామినేషన్ చేయించి, గోడకి మేకు కొట్టి తగిలించాడు. ఆ పట్టా కింద ఏడాదిపాటు ఖాళీగా కూర్చున్నాను. మా వీధిలో ఎవరు కనబడినా ఒకటే మాట: "ఉజ్జోగం వొచ్చినాదా, ఇంకా సదువుతన్నావా?" మా బావ అయితే వైజాగ్‌లో బట్టల షాపులో మాట్లాడి పెట్టేశాడు. "చీరలు మడతెట్టడానికి బీఈడీ అడ్డం కాదు, రా" అన్నాడు.

అటువంటప్పుడు అరసవల్లిలో ఈ స్కూలు దొరికింది. గుడి వీధికి రెండు సందులు అవతల, మేడ మీద మేడ. ఏడో తరగతి దాకా ఉంది. పెద్ద మేడమ్ అంటే స్కూలు హెడ్మిస్ట్రెస్. నా కాగితాలన్నీ చూసి, "మార్కులు బాగున్నాయి. కానీ మార్కులు పాఠం చెప్పవు. రెండు నెలలు చూస్తాను. పిల్లలు నీకు తెలిస్తే ఉంచుతాను, లేదంటే ఏమీ అనుకోకూడదు" అన్నారు. ఆరో తరగతి ఇచ్చారు. ముప్పై ఎనిమిది మంది.

మొదటి రోజు నా చేతిలో ఒక కాగితం పెట్టారు. ఏదో ట్రైనింగ్‌లో ఇచ్చారట. పైన పెద్ద అక్షరాలతో 'ఐస్‌బ్రేకర్ ప్రశ్నలు' అని ఉంది, కింద ఇరవై. కొత్త టీచర్ పిల్లల బెరుకు పోగొట్టి, వాళ్ళ గురించి తెలుసుకోవడానికి. నాకు భలే నచ్చింది. బీఈడీలో దీని గురించి పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్నకి జవాబు రాసినదాన్నే.

"నువ్వు ఒక పండు అయితే ఏ పండు అవుతావు?" అని మొదటి బెంచీలో అబ్బాయిని అడిగాను.

లేచి నిలబడ్డాడు. "పరీచ్చలో వొస్తాదా టీచర్?"

"రాదు. ఊరికే చెప్పు."

"మామిడిపండు టీచర్."

"ఎందుకు?"

"ఊరికే సెప్పమన్నారు కదా టీచర్."

పక్కవాడు మామిడిపండు. వాడి పక్కవాడూ మామిడిపండు. మూడు బెంచీలు దాటేసరికి నాకు విషయం అర్థమైంది. మొదటివాడు ఒక జవాబు చెప్పాడు, టీచర్ కొట్టలేదు, కాబట్టి అదే సరైన జవాబు. ముప్పై ఏడు మామిడిపళ్ళు వచ్చాయి. చివరి బెంచీలో ఒకడు మాత్రం జీడిమామిడి అన్నాడు, వాళ్ళ అమ్మమ్మ వాళ్ళది పలాస వైపట. సెలవుల్లో ఎక్కడికి వెళ్ళారంటే ముప్పై ఎనిమిది మందీ అమ్మమ్మ ఊరు. మీకు ఏ మాయాశక్తి కావాలంటే ముప్పై ఎనిమిది మందికీ ఎగరడం. ఇరవై ప్రశ్నలూ అయిపోయాయి. పిల్లల గురించి నాకు తెలిసింది ఒక్కటే: ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి అమ్మకి చెప్పాను. అమ్మ వాకిట్లో తట్టలు కడుగుతోంది. నాన్న ఇంకా గుజరాత్ వెళ్ళలేదు, అరుగు మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు.

"పండైతే ఏ పండు అవుతావనా అడిగినావు?" అంది అమ్మ. "ఆళ్ళేటి సెప్తారే. నన్నడిగితే నేనేటి సెప్తాను?"

"మీ అమ్మ పనసపండు" అన్నాడు నాన్న, తల ఎత్తకుండా. "పైన ముళ్ళు."

"నువ్వు నోరు మూసుకుని వల సూసుకో." అమ్మ నావైపు తిరిగింది. "నీకు అడగడం రావట్లేదు. నేను గుమ్మం ముందు నిలబడి ఏటి కావాలక్కా అంటే, ఏటొద్దు అంటారు. సేనాళ్ళు అలాగే అడిగి, తట్ట నిండుగా ఎనక్కి తెచ్చుకున్నాను. తర్వాత తెలివొచ్చింది."

"మరేటి అడుగుతావు?"

"నిన్నేటి వొండినావక్కా, అంటాను. వొంకాయ అంటాది. పిల్లలు తిన్నారా, అంటాను. ఎక్కడ తిన్నారు, కంచాల్లో వొగ్గేసినారు, అంటాది. అంతే, తట్ట దింపేస్తాను. రేపేటి కావాలో ఎవులికీ తెల్దు. నిన్న ఏటైందో అందరికీ తెలుసు."

నిన్న జరిగింది అందరికీ తెలుసు. ఆ మాట పట్టుకుని నేను రాత్రి భోజనానికి ముందే కొత్త ప్రశ్నలు రాసుకున్నాను.

మర్నాడు క్లాసులో అడిగాను: నిన్న పొద్దున్న మీ ఇంట్లో అందరికంటే ముందు ఎవరు లేచారు?

"మా నాయినమ్మ టీచర్. లేస్తాది, అందర్నీ లేపేస్తాది, మళ్ళీ తొంగుంటాది."

"మా ఇంట్లో కుక్క."

"మా నాన్న టీచర్. మూడింటికే. గుడి దగ్గర కొబ్బరికాయల షాపు మాది." ఈ అమ్మాయిది మొదటి బెంచీ. ఏది చెప్పినా తీర్పు చెప్పినట్టు చెబుతుంది.

"నేనే టీచర్" అన్నాడు చివరి బెంచీలో ఒక అబ్బాయి, జీడిమామిడి పండు అయినవాడే. "అమ్మ లాడ్జీలో పనికి బేగి ఎలిపోతాది. నేను లేచి సెల్లిని లేపుతాను. జడ కూడా నేనే ఏస్తాను." ఎవరో కిసుక్కున నవ్వారు. వాడు ఏమాత్రం సిగ్గుపడకుండా, "రెండు జడలు" అని కూర్చున్నాడు.

తర్వాత ప్రశ్న: నిన్న మిమ్మల్ని ఎవరు తిట్టారు, దేనికి? ఈ ప్రశ్నకి చేతులు లేచినట్టు నా జన్మలో ఏ క్లాసులోనూ లేవడం చూడలేదు. రిమోట్ మీద కూర్చున్నందుకు తాత తిట్టాడు. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టినందుకు అమ్మ తిట్టింది. ఒకమ్మాయి "నన్నెవులూ తిట్టనేదు టీచర్" అంటే పక్కనున్న పిల్ల లేచి, "అబద్దం టీచర్, నేనే తిట్టినాను" అంది.

అప్పట్నుంచి రోజూ హాజరు పిలిచే ముందు ఒక 'నిన్న' ప్రశ్న. ఒక నోటుబుక్కు పెట్టుకుని, ఒక్కొక్కరికి ఒక్కో పేజీ కేటాయించాను. నెల తిరిగేసరికి ఎవరికి సున్నం వాసన పడదో, ఎవరు లెక్కలు ఇంట్లో బాగా చేసి బోర్డు దగ్గర మర్చిపోతారో, ఎవరు బస్సులో నరసన్నపేట నుంచి వస్తూ నిలబడే నిద్రపోతారో నాకు తెలుసు. పెద్ద మేడమ్ రెండుసార్లు కిటికీ పక్కనుంచి వెళ్ళారు. రెండోసారి కాసేపు ఆగారు. నేను లోపల లోపల ఉద్యోగం వచ్చేసినట్టే లెక్క వేసుకున్నాను.

ఆ తర్వాత సోమవారం వచ్చింది.

క్లాసులోకి వెళ్తూనే, మంచి హుషారులో అడిగాను: "నిన్న ఆదివారం కదా. మీ ఇంట్లో ఏం వండారు, కోడా, చేపా?"

ఒక్క చెయ్యీ లేవలేదు. అర్థం కాలేదేమోనని ఇంకోసారి అడిగాను. అప్పుడు కొబ్బరికాయల అమ్మాయి లేచింది.

"టీచర్, ఆదివారం తినకూడదు. సామి రోజు."

ఇక్కడి స్వామి సూర్యనారాయణుడు. ఆదివారం ఆయనది. గుడి చుట్టుపక్కల చాలా ఇళ్ళల్లో ఆదివారం నీచు ముట్టరు. మిగతా జిల్లా అంతా ఆదివారం కోసం వారమంతా కాసుకుని కూర్చుంటే, ఈ నాలుగు వీధుల్లో ఆదివారం పప్పే. నాకు ఈ సంగతి తెలియదా అంటే, తెలియకుండా ఎలా ఉంటుంది? చిన్నప్పుడు సెలవు రోజున అమ్మ వెంట తట్ట పట్టుకుని తిరిగినదాన్ని. మిగతా రోజుల్లో అరసవల్లికి వచ్చే అమ్మ, ఆదివారం ఆటో దిగగానే ఊరికి రెండో వైపు నడిచేది. ఎందుకు ఇటు వెళ్తున్నామని నేను ఒక్కసారి కూడా అడగలేదు. మాది సముద్రం ఇల్లు. మా ఇంట్లో చేప లేని రోజంటే వల ఖాళీగా వచ్చిన రోజు.

నేను మాట మార్చబోతుంటే వెనక బెంచీ నుంచి వినబడింది: "మేము తిన్నాం టీచర్. కోడి." రెండు జడలు వేసే అబ్బాయి. పాపం, టీచర్ అడిగింది కదా అని చెప్పాడు. క్లాసు క్లాసంతా వెనక్కి తిరిగి వాణ్ణి చూసింది.

"పాపం తగుల్తాది" అంది ఒక పిల్ల.

"తగిల్తే నీకేటి?"

"గుడి పక్క ఉండి తింటావేటిరా?"

నేను డస్టర్‌తో బల్ల మీద కొట్టి పాఠం మొదలుపెట్టాను. మధ్యాహ్నం చూస్తే వాడు మెట్ల మీద ఒక్కడే కూర్చుని అన్నం తింటున్నాడు. రోజూ నలుగురితో కలిసి కూరలు మార్చుకుని తినేవాడు. ఆ నలుగురూ అవతల చెట్టు కింద ఉన్నారు. నేను అడిగిన ఒక్క ప్రశ్న వాణ్ణి అక్కడ కూర్చోబెట్టింది.

మంగళవారం పొద్దున్నే కొబ్బరికాయల అమ్మాయి నాన్న పెద్ద మేడమ్ గదిలో ఉన్నాడు. నన్ను పిలిచారు.

"మేడమ్‌గారండి, నేను గొడవకి రానేదు" అన్నాడాయన, గొడవకి వచ్చినవాళ్ళందరూ మొదట అనే మాటే. "మా పాపని ఆదివారం కోడి తిన్నావేటని అడిగినారట. మేము తరాల్నించి సామి గుమ్మంలో బతుకుతన్నోళ్ళం. రేపు ఇంకేటి అడుగుతారు?"

నేను తప్పైందన్నాను. ఆయన సరేనని కూడా అనకుండా వెళ్ళిపోయాడు. పెద్ద మేడమ్ కాసేపు పెన్ను మూత పెడుతూ తీస్తూ ఉన్నారు.

"పిల్లల్ని తెలుసుకోమన్నాను. వాళ్ళ వంటింట్లోకి దూరమనలేదు. నాకు ఆయనొక్కడే కాదమ్మా, ఇంకో ముప్పై మంది తల్లిదండ్రులు రావచ్చు." తర్వాత అన్నారు, "ఆగస్టు పదిహేను వెళ్ళనీ. అప్పుడు చెబుతాను."

ఖాయమా కాదా అని చెప్పడానికి మూడు వారాలు. ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన సీటు దొరికినా బయటికి చూడలేదు. వైజాగ్‌లో చీరలు ఎలా మడతపెడతారో అని ఆలోచించాను.

అమ్మకి చెప్తే తిడుతుందనుకున్నాను. తిట్టింది కూడా. "ఒసే, ఆదివారం అరసవల్లిలో సేప మాట ఎత్తుతారేటే? ఆ మాట నా తట్టకి కూడా తెలుసు."

"నువ్వే కదా నిన్నేటి వొండినారని అడగమన్నావు."

"నేనడిగేది గుమ్మం బయట నిలబడి. ఆవిడికి సెప్పాలని నేదనుకో, లోపలికి ఎలిపోతాది, తలుపేసుకుంటాది. నేను ఇంకో ఇంటికి పోతాను." తట్ట బోర్లించి దాని మీద కూర్చుంది. "నీ కలాసులో పిల్లగుంటలు ఎక్కడికెల్తారే? ఆళ్ళకి తలుపేది?"

బీఈడీ పుస్తకాల్లో ఈ మాట నేనెక్కడా చదవలేదు.

బుధవారం క్లాసులో నోటుబుక్కు తెరవలేదు. బల్ల ముందుకు వచ్చి నిలబడ్డాను.

"ఇవాళ్టినుంచి కొత్త రూలు. నేను ఏది అడిగినా చెప్పాలని లేదు. చెప్పాలని లేకపోతే 'తలుపేసుకున్నాం' అనండి. నేను రెండోసారి అడగను, ఎవరూ నవ్వకూడదు, ఎందుకని అడగకూడదు. ఇంకోటి. ఇవాళ నేను అడగను. మీరు నన్ను అడగండి."

మొదట నమ్మలేదు. తర్వాత ఒక చెయ్యి లేచింది.

"మీకు ఎన్నేళ్ళు టీచర్?"

"తలుపేసుకున్నాను."

క్లాసంతా ఒకటే నవ్వు. రూలు అర్థమైపోయింది. ఆ తర్వాత వరసగా అడిగారు. నిన్న మిమ్మల్ని ఎవరు తిట్టారు? మా అమ్మ. దేనికి? మీ వల్లే. బస్సులో సీటు దొరుకుతాదా? దొరకదు. అప్పుడు ఒకడు అడిగాడు: "మీ అమ్మ ఏటి సేస్తాది టీచర్?"

స్కూల్లో ఎవరైనా అడిగితే, చేరినప్పట్నుంచీ నేను 'వ్యాపారం' అంటున్నాను. అబద్ధం కాదు. కానీ అలా అన్నప్పుడల్లా ఎదుటివాళ్ళు ఏదో షాపు ఊహించుకునేవాళ్ళు, నేను ఊహించుకోనిచ్చేదాన్ని. తలుపేసుకున్నానని అనొచ్చు. రూలు నేనే పెట్టాను.

"తట్టలో చేపలు పెట్టుకుని అమ్ముతుంది" అన్నాను. "ఈ వీధుల్లోకి కూడా వస్తుంది. ఆదివారం తప్ప."

వెనక బెంచీలో తల పైకి లేచింది.

"మరి మీరు ఆదివారం తింటారా టీచర్?" అంది కొబ్బరికాయల అమ్మాయి.

"తింటాం."

"పాపం రాదా?"

"మా నాన్న పడవలో ఉంటాడు. ఊళ్ళో ఉన్నప్పుడు చీకట్లోనే వేటకి వెళ్తాడు. సముద్రం మీద సూర్యుడు కొంచెం పైకి రాగానే, ఎంత బరువు వల లాగుతున్నా సరే ఒక చెయ్యి వదిలి దండం పెట్టుకుంటాడు. ఆదివారమని చూడడు, సోమవారమని చూడడు. ఆ వలలో వచ్చిందే మేం తింటాం."

ఆ అమ్మాయి చాలాసేపు ఆలోచించింది. "ఒక్క సేత్తో పెడితే దండం అవుతాదా?" అంది.

"రెండో చెయ్యి కూడా వదిలేస్తే వల పోతుంది."

"అయితే పరవానేదు" అని కూర్చుంది. ఇంత పెద్ద తీర్పు నేను ఏ కోర్టులోనూ వినలేదు. ఆ మధ్యాహ్నం మెట్ల మీద ఎవరూ లేరు. చెట్టు కింద ఐదుగురు ఉన్నారు. బెల్లు కొట్టాక రెండు జడల అబ్బాయి నా దగ్గరికి వచ్చి మెల్లగా, "టీచర్, మీ అమ్మని మా సందులోకి రమ్మనండి. మా అమ్మకి ఆదివారమే సెలవు" అన్నాడు.

ఆ తర్వాత ఇంకో పని చేశాను. వారానికి ఒక ప్రశ్న పిల్లలే ఇంటికి పట్టుకెళ్ళి పెద్దవాళ్ళని అడగాలి. పెద్దవాళ్ళకీ తలుపు రూలు ఉంటుంది. మొదట 'నువ్వు ఆరో తరగతిలో ఎవరి పక్కన కూర్చునేవాడివి' అని రాసి, కొట్టేశాను. మా అమ్మని ఆ ప్రశ్న అడిగితే ఏం చెబుతుంది? రెండో తరగతి మధ్యలో మానేసిన మనిషి. మార్చి రాశాను: 'నా అంత ఉన్నప్పుడు నువ్వు రోజంతా ఎక్కడ ఉండేవాడివి?'

నాన్న ఆగస్టు మొదట్లోనే గుజరాత్ వెళ్ళిపోయాడు. జెండా పండగ అయింది, చాక్లెట్లు పంచాం. పెద్ద మేడమ్ ఏమీ అనలేదు. నేను అడగలేదు.

ఇవాళ పదకొండున్నరకి కొబ్బరికాయల అమ్మాయి నాన్న మళ్ళీ వచ్చాడని, నన్ను రమ్మంటున్నారని ఆయమ్మ చెప్పింది. చాక్‌పీసు చేతిలోనే పట్టుకుని వెళ్ళాను. అయిపోయింది అనుకున్నాను. నిజంగానే, బాక్సులో అన్నం తినేసి వెళ్ళాలా, తినకుండానే వెళ్ళిపోవాలా అని కూడా ఆలోచించాను.

"మేడమ్‌గారండి, నేను గొడవకి రానేదు" అన్నాడాయన. "తలుపేసుకున్నానంటే ఒదిలీయాలని ఈ టీచరమ్మ రూలెట్టినారట. నిన్న నేను మూడుసార్లు అన్నాను. మా పాప ఒదల్లేదండి. అన్నం తిననివ్వనేదు. నా అంత ఉన్నప్పుడు ఎక్కడుండేవోడివి నాన్నా, సెప్పు, సెప్పు. ఇదేటి రూలండి?"

పెద్ద మేడమ్ నవ్వు ఆపుకోవడం నాకు కనబడింది. "మరి చెప్పారా?"

"సెప్పక సస్తానా. ఇక్కడే ఉండేవోణ్ణని సెప్పినాను."

"ఇక్కడంటే?"

"ఈ గదిలోనండి. అప్పుడు స్కూలు కాదు కదా, కొబ్బరికాయల గొడౌను. మా నాన్నకి అద్దెకుండేది. అయిదో తరగతి అయ్యాక ఇంక బడి వొద్దని ఇక్కడ కూకోబెట్టినాడు. పొద్దున్న కూకుంటే సీకటి పడీదాకా కాయల పీసు తియ్యడమే. మీ కుర్సీ ఉన్నాది సూడండి, సరిగ్గా అక్కడ, కాయ గుచ్చి ఒలవడానికి గునపం పాతి ఉండేది."

పెద్ద మేడమ్ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. కింద నేల చూశారు. ఆయన వంగి, టేబుల్ కింద సిమెంటు అతుకు వేసిన చోటు చూపించాడు. అరచేయంత గుండ్రంగా రంగు వేరుగా ఉంది.

"అదేనండి. తర్వాత మూసేసినారు." ఆయన ఇంక ఆగలేదు. కొబ్బరిపీచు గోళ్ళలో గుచ్చుకుంటే ఎలా తీసేవాళ్ళో, అవతలి వీధి బళ్ళో ఎక్కాలు చదువుతుంటే గోడ ఇవతల నుంచి విని పద్నాలుగో ఎక్కం దాకా ఎలా నేర్చుకున్నాడో చెప్పాడు. ఇప్పటికీ షాపులో కాలిక్యులేటర్ ముట్టడట. "నా కూతురికి ఇదంతా తెల్దండి. ఎవులూ అడగనేదు, నేనూ సెప్పనేదు. నిన్న సెప్తే, మా పాప ఏటందో తెలుసా? నాన్నా, అయితే నువ్వూ మా స్కూలే, అంది." గుమ్మం వైపు తిరిగాడు. "అదండి. ఆ రూలు సంగతి కొంచెం సూడండి. నాకు షాపు కాడ టైమైపోతన్నాది."

వెళ్ళిపోయాడు. పెద్ద మేడమ్ ఇంకా నిలబడే ఉన్నారు, ఆ అతుకు మీద కాలు పడకుండా.

"ఆరేళ్ళుగా ఈయన ఈ గదికి వస్తున్నాడు" అన్నారు. "వాళ్ళ పెద్దబ్బాయి కూడా ఇక్కడే చదివాడు. వచ్చినప్పుడల్లా ఏదో ఒక ఫిర్యాదు, నేనొక సర్దుబాటు. ఒక్కసారి కూర్చోండి అన్నాను కానీ, ఒక్కటీ అడగలేదు."

చాక్‌పీసు చేతిలో పొడి పొడి అయిపోయింది.

"ఆ ట్రైనింగ్ కాగితం ఎక్కడ ఉంది?"

"బీరువాలో ఉంది మేడమ్."

"అక్కడే ఉండనీ. నీ ప్రశ్నలు రాసి ఇవ్వు, మిగతా క్లాసులకీ ఇద్దాం. తలుపు రూలు అన్నిటికంటే పైన రాయి." కుర్చీని కొంచెం పక్కకి జరిపి కూర్చున్నారు. "రేపట్నుంచి నువ్వు మా టీచర్‌వి. ఆదివారం కూర సంగతి మాత్రం ఎత్తకు."

అంతే. తర్వాత జరిగింది మీకు చెప్పేశాను. అన్నం బాక్సు ఇంకా తెరవలేదు. ఫోన్ ఇరవై శాతానికి వచ్చింది, ఇది చాలు. ఇంకా చెయ్యాల్సినవాళ్ళు:

నాన్న. బోటు ఒడ్డుకి వస్తే గానీ కలవదు. వాళ్ళ బోటు డ్రైవర్ నంబర్‌కి వాయిస్ మెసేజ్ పెట్టాలి, ఒడ్డుకి రాగానే వినిపించమని.

బావ. చీరల ఉద్యోగం వద్దని చెప్పాలి, మర్యాదగా.

రామతీర్థం దగ్గర ఉంటున్న మా పదో తరగతి లెక్కల మాస్టారు. రిటైరయ్యారు. మధ్యాహ్నం పడుకుంటారు, నాలుగు దాటాక చెయ్యాలి.

నాయనమ్మ. ఆమెకి ఫోన్‌లో వినబడదు. పక్కింటి అత్తకి చేసి, గట్టిగా చెప్పమనాలి.

బీఈడీలో నా పక్క సీటు అమ్మాయి. తనని కూడా ఒక స్కూల్లో చూద్దామనే పెట్టుకున్నారు, ఇంకా ఏదీ తేల్చలేదు. తనకి ఎలా చెప్పాలో ఆలోచించుకుని చెయ్యాలి.

డిగ్రీ కాలేజీ ఆఫీసులో టీసీ కోసం నన్ను నాలుగుసార్లు తిప్పిన గుమాస్తాగారు. ఆయన నంబర్ ఇంకా ఉంది. చెయ్యక్కర్లేదు, కానీ చేస్తాను.

విజయనగరం పిన్ని. ఈమెకి చేస్తే గంట. అందుకని చివర.